మీ ప్రశ్నలు: రోడ్డే లేని నునావుట్

కెనడా ఉత్తరాన ఉన్న నునావుట్ గురించి ఈసారి ఉత్తరాలు ఎక్కువ వచ్చాయి. మిగతావి పక్కన పెట్టి వాటికే జవాబులు ఇస్తున్నాం.

ప్ర: మా పిల్లాడి అట్లాసులో నునావుట్ మన దేశం కంటే పెద్దగా కనిపిస్తోంది. నిజమేనా? (ఏలూరు నుంచి)

జ: కాదండీ. ప్రపంచ మ్యాపులు కొన్ని మెర్కేటర్ అనే పద్ధతిలో గీసినవి. ఆ పద్ధతిలో ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ నేల సాగిపోయి కనిపిస్తుంది. అసలు విస్తీర్ణం దాదాపు 20.9 లక్షల చదరపు కిలోమీటర్లు, అంటే ఇండియాలో మూడింట రెండొంతులకు కాస్త తక్కువ. అలాగని చిన్నదేం కాదు, రెండు తెలుగు రాష్ట్రాలనూ కలిపి ఏడుసార్లు పరిచినా ఇంకా చోటు మిగులుతుంది. 2021 జనాభా లెక్కల్లో అక్కడున్నది 36,858 మంది, అదీ పాతిక ఊళ్ళలో! ఎక్కువమంది ఇనుయిట్లు, అంటే అక్కడి ఆదివాసులు. 1999 ఏప్రిల్ 1న నార్త్‌వెస్ట్ టెరిటరీస్ నుంచి విడిపోయి వేరే టెరిటరీ (మన కేంద్రపాలిత ప్రాంతం లాంటిది) అయింది.

ప్ర: అక్కడ ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి అంటారు కదా? (సిద్దిపేట నుంచి)

జ: అది సరిగ్గా ధ్రువం దగ్గరి మాట. రాజధాని ఇకాలుయిట్ ఆర్కిటిక్ వృత్తానికి (చలికాలంలో సూర్యుడు అసలే కనిపించని రోజులు మొదలయ్యే గీతకు) దక్షిణంగానే ఉంది కాబట్టి డిసెంబరులో కూడా రోజుకు నాలుగు గంటలకు పైగా సూర్యుడు కనిపిస్తాడు. బాగా ఉత్తరాన ఉన్న ఊరు గ్రీస్ ఫియర్డ్‌లో మాత్రం నవంబరు మొదట్లో పోయిన సూర్యుడు మళ్ళీ ఫిబ్రవరిలోనే. చలి సంగతికొస్తే, ఐస్‌లాండ్ రాజధాని రేక్యావిక్ కూడా ఇంచుమించు ఇకాలుయిట్ అక్షాంశంలోనే ఉంది, కానీ అక్కడ జనవరి సగటు సున్నా దగ్గర ఉంటే ఇక్కడ మైనస్ 27. రేక్యావిక్‌కు దక్షిణం నుంచి వెచ్చని సముద్ర ప్రవాహం వస్తుంది, ఇకాలుయిట్ వైపు ఉత్తరం నుంచి చల్లటి నీళ్ళు దిగుతాయి, పైగా చుట్టూ సముద్రం గడ్డకట్టి ఉంటుంది. ఇంత చలి అంటే మంచు విపరీతంగా కురుస్తుందనుకుంటాం గానీ, నునావుట్ ఉత్తర కొసనున్న ఎల్స్‌మియర్ దీవిలోని యురేకాలో ఏడాదంతా వాన, మంచు కలిపి కొలిచినా వంద మిల్లీమీటర్లు ఉండదు. మనం కరువు సీమ అనుకునే అనంతపురంలో అంతకు ఐదు రెట్లు పడుతుంది.

ప్ర: వాళ్ళ జెండా మీద రాళ్ళ కుప్ప ఎందుకు? (కాకినాడ నుంచి)

జ: మంచి ప్రశ్న. దాన్ని ఇనుక్షుక్ అంటారు. అక్కడ చాలాచోట్ల చెట్లు పెరగవు. చలికాలంలో ఎటు చూసినా తెల్లగా ఒకేలా ఉంటుంది, అలాంటి చోట దారి గుర్తుకో, దాచిన మాంసం గుర్తుకో, కారిబూ దుప్పుల్ని వేటగాళ్ళ వైపు మళ్ళించడానికో రాళ్ళు పేర్చేవాళ్ళు. పక్కనున్న నీలం చుక్క ధ్రువ నక్షత్రం, అదీ దారి చూపేదే, పెద్దల మార్గదర్శకత్వానికి కూడా గుర్తు అంటారు. (చిన్న తిరకాసు: హైదరాబాద్ నుంచి చూస్తే ధ్రువ నక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది, గ్రీస్ ఫియర్డ్‌లో 76 డిగ్రీలు, దాదాపు నడినెత్తిన! అంత పైనున్న చుక్కతో దిక్కు తేల్చుకోవడం తేలికేం కాదు.) అధికారిక జంతువు ధ్రువపు ఎలుగుబంటి అయి ఉంటుందని చాలామంది అనుకుంటారు, కాదు, బండి లాగే ఇనుయిట్ కుక్క. నాకైతే ఈ ఎంపిక బాగా నచ్చింది, శతాబ్దాలుగా వాళ్ళ బతుకు బండిని అక్షరాలా లాగింది అదే కదా. పువ్వు పర్పుల్ సాక్సిఫ్రేజ్, మంచు కరగగానే రాళ్ళ సందుల్లో నేలనంటి పూస్తుంది. శాసనసభలో ఉంచే అధికార దండం నార్వాల్ (పొడవాటి దంతమున్న తిమింగలం) దంతంతో చేసింది.

ప్ర: మా అబ్బాయి టొరంటోలో ఉంటాడు. కారులో వెళ్ళి చూసి రావచ్చా? (ఖమ్మం నుంచి)

జ: కుదరదండీ. కెనడా మిగతా భాగం నుంచి నునావుట్‌కు రోడ్డు లేదు, అక్కడి ఊళ్ళను కలుపుతూ కూడా లేదు. బరువు సరుకులు మంచు కరిగిన నెలల్లో ఓడల మీద వస్తాయి, మిగతా ఏడాదంతా విమానమే గతి, ధరలు మండిపోయేదీ అందుకే. ఒట్టావా నుంచి ఇకాలుయిట్‌కు సుమారు మూడు గంటల ప్రయాణం. జులైలో వెళ్ళమనండి, సగటున 8 డిగ్రీలు ఉంటుంది. స్వెట్టర్‌తో పాటు దోమల మందు కూడా పెట్టుకోమనండి.