మూడు అంతస్తుల ఇళ్ల అద్దాలు కింద నుంచే కడగాలంటే ఏ పోల్, ఏ బ్రష్ కొనాలి?

కొంపల్లి వైపు జీ ప్లస్ టూ ఇళ్లకు కిటికీలు కడిగే పని మొదలుపెడుతున్నానని, నిచ్చెన ఎక్కకుండా నీళ్లు బ్రష్ దాకా వెళ్లే పోల్ కావాలని రాశారు. షాపతను 45 అడుగులది తీసుకోమంటున్నాడని కూడా అన్నారు. నేను ఆరేళ్లుగా ఇద్దరు కుర్రాళ్లతో హైదరాబాద్‌లో ఇదే పని చేస్తున్నాను. దయచేసి 45 అడుగులది కొనకండి.

లెక్క చూడండి. ఒక్కో అంతస్తు సుమారు పది అడుగులు. పై అంతస్తు కిటికీ పైఅంచు నేల నుంచి 29 అడుగుల దగ్గర ఉంటుంది. పోల్ పట్టుకున్న చేతులే నాలుగు అడుగుల ఎత్తులో ఉంటాయి. 30 అడుగుల పోల్ మీకు సరిపోతుంది. ఇందులో గొట్టాలన్నీ ఒకదానిలో ఒకటి దూరి ఉంటాయి కాబట్టి, కింది కిటికీ కడిగేటప్పుడు కూడా మొత్తం బరువు మీరే మోయాలి. రోజుకు ఐదారు గంటలు మోయాలన్న సంగతి మరిచిపోవద్దు.

నేను మొదట గ్లాస్ ఫైబర్ పోల్ కొన్నాను. పదిహేను అడుగుల వరకు బాగుంది. పూర్తిగా లాగితే గాలం కర్రలా వంగేది. కింద ఎంత నొక్కినా పైన బ్రష్ అద్దం మీద ఆడేది కాదు, మధ్యాహ్నానికి కుర్రాళ్ల భుజాలు పట్టేసేవి. తర్వాత కార్బన్ ఫైబర్‌కు మారాం. ధర రెండు మూడు రెట్లు ఎక్కువే, కానీ గట్టిగా నిలబడుతుంది, తేలిక. డబ్బు తక్కువైతే పొడవు తగ్గించుకోండి, రకం తగ్గించవద్దు.

ఇక బ్రష్. చీపురు కర్ర చివర నీళ్ల చెంబు కట్టి ఎత్తి చూస్తే, కొస బరువు అంటే ఏమిటో అర్థమవుతుంది. బ్రష్ వంద గ్రాములు తగ్గినా 30 అడుగుల దగ్గర ఆ తేడా నడుముకు తెలుస్తుంది. ఇళ్లకు 10 నుంచి 12 అంగుళాల బ్రష్ చాలు. 18 అంగుళాలవి గచ్చిబౌలి, మాదాపూర్‌లో లాంటి పెద్ద అద్దాల గోడలకు పనికొస్తాయి, ఇంటి కిటికీ మూలల్లో అవి పట్టవు.

కుచ్చు విషయంలో మన ఊరి మురికిని బట్టి ఆలోచించాలి. మామూలు దుమ్ముకు, చివరలు చీల్చిన మెత్తని నైలాన్ కుచ్చు బాగుంటుంది. నీళ్లు పట్టుకుంటుంది, అద్దం మీద సులువుగా జారుతుంది. కానీ ఇక్కడ ఏ గల్లీలో చూసినా పక్కన ఏదో ఒక ఇల్లు కడుతూనే ఉంటారు, పైగా పావురాల రెట్టలు. ఎండిన రెట్టను మెత్తని కుచ్చు వదిలించలేదు. పంది వెంట్రుకల బ్రష్ దానికి చాలా బాగా పనిచేస్తుంది. అయితే బరువు ఎక్కువ, గరుకు గోడకు తగిలితే త్వరగా అరిగిపోతుంది. అన్నిటికన్నా ముఖ్యం, కొందరి ఇళ్లలో అది తగలడమే ఇష్టపడరు. వాళ్లకు చెప్పకుండా వాడటం తప్పు. అందుకే నేను లోపల గట్టి నైలాన్, చుట్టూ మెత్తని నైలాన్ ఉన్న బ్రష్‌కు మారాను. మొదటిసారి కడిగే ఇంటికి ఇది, నెలనెలా కడిగే ఇంటికి మెత్తనిది. రెండూ ఉంచుకోండి. సిమెంట్ చుక్కలు మాత్రం ఏ బ్రష్‌తోనూ పోవు, ముందే ఇంటివాళ్లకు చెప్పండి.

మన ఇళ్లకు ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది, సన్‌షేడ్. ఒకటిన్నర, రెండు అడుగులు బయటికి వస్తుంది. ప్రహరీకి, ఇంటికి మధ్య సెట్‌బ్యాక్ చాలా చోట్ల నాలుగు అడుగులే. అంటే పోల్ దాదాపు నిటారుగా నిలుస్తుంది, కింది సన్‌షేడ్ అడ్డు వచ్చి బ్రష్ పై కిటికీ అద్దాన్ని చేరదు. దీనికి గూస్‌నెక్ అనే వంకర ముక్క కావాలి. పోల్‌తో వచ్చే చిన్నది చాలదు, రెండు అడుగులకు దగ్గరగా ఉన్నది విడిగా అడిగి తీసుకోండి. కడిగేటప్పుడు ముందు పై సన్‌షేడ్ అంచు తడపండి, లేకపోతే కడిగిన అద్దం మీదికి ఆ దుమ్ము నీళ్లు కారుతాయి. బయట ఇనుప గ్రిల్ ఉన్న కిటికీలకు ఈ పద్ధతి కుదరదు.

ఇది మాత్రం తప్పకుండా వినండి. కార్బన్‌లోంచి కరెంటు పారుతుంది, అల్యూమినియంలోంచీ పారుతుంది. గ్లాస్ ఫైబర్ కూడా తడిసి, మురికి పట్టాక సురక్షితం కాదు. మన గల్లీల్లో 11 కేవీ తీగలు బాల్కనీ పక్క నుంచే పోతుంటాయి. రెండేళ్ల క్రితం మా కుర్రాడు పోల్ లాగుతుండగా ఎదురింటి పెద్దమ్మ గట్టిగా అరిచారు. తల ఎత్తి చూస్తే తీగ చేయెత్తు దూరంలో ఉంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అప్పటి నుంచి ఒకటే పద్ధతి. పోల్ చేయి జారి పడితే తీగకు తగిలే అవకాశం ఉన్న వైపు అసలు పని ఒప్పుకోను, ఎంత ఇస్తామన్నా సరే.

నీళ్ల గురించి మీరు అడగలేదు, కానీ నీళ్లు సరిగా లేకపోతే ఇవన్నీ వృథా. మేం పనిచేసే చాలా ఇళ్లలో బోరు నీరు టీడీఎస్ మీటర్‌లో, అంటే నీటిలో కరిగిన లవణాలు కొలిచే మీటర్‌లో, 700 పైనే చూపిస్తుంది. మొదట్లో నేను మినరల్ వాటర్ క్యాన్లతో కడిగాను. ఆ నీరు 80 ఉంది. సాయంత్రానికి నల్లటి అద్దం నిండా తెల్లని చుక్కలు, మర్నాడు వెళ్లి ఉచితంగా మళ్లీ కడిగాం. తుడవకుండా ఆరాలంటే టీడీఎస్ 10 లోపు, వీలైతే సున్నా ఉండాలి. బోరు నీటిని ముందు ఆర్‌ఓలో పంపి, తర్వాత మిగిలిన లవణాలను కూడా లాగేసే డీఐ రెజిన్‌లో పంపాలి. నేరుగా రెజిన్‌లో పోస్తే అది కొద్ది రోజుల్లోనే అయిపోతుంది. ఒక ఇంటికి వంద లీటర్ల పైనే పడుతుంది. ఏప్రిల్, మే నెలల్లో ఎండ ఎక్కకముందే పని ముగించండి, వేడి అద్దం మీద మురికి నీళ్లు కడిగే లోపే ఆరిపోతాయి.

పంపు, హోస్, కనెక్టర్లు రాణిగంజ్‌లో దొరుకుతాయి. మీరు వెళ్లే ఇళ్ల సెట్‌బ్యాక్ ఎంత, సన్‌షేడ్ ఎంత బయటికి ఉంది, ఈ రెండూ టేపుతో కొలిచి రాయండి. గూస్‌నెక్ ఎంత పొడవు కావాలో చెబుతాను.