బ్యాంకాక్‌లో డబ్బు మిగలాలంటే కాలవ పడవ ఎక్కండి

"తక్కువ ఖర్చుతో బ్యాంకాక్, కౌలాలంపూర్, సింగపూర్ బ్యాక్‌ప్యాక్ వేసుకుని తిరగొచ్చా? రోజుకి ఎంతవుతుంది? రూమ్ ఎక్కడ తీసుకోవాలి?" అని అడిగారు.

తిరగొచ్చు, ఏ సందేహమూ వద్దు. విమానం టికెట్ పక్కన పెడితే బ్యాంకాక్‌లో రోజుకి రెండున్నర వేల రూపాయలతో హాయిగా గడుస్తుంది. కౌలాలంపూర్‌లో ఇంకాస్త తక్కువే. సింగపూర్‌కి మాత్రం దానికి రెట్టింపు పెట్టుకోండి. డార్మిటరీలో బెడ్ తీసుకుని, ఊళ్ళోవాళ్ళు తినే చోట తిని, టాక్సీలు ఎక్కకుండా తిరిగేవాళ్ళ లెక్క ఇది. "పదివేలల్లో థాయ్‌లాండ్" అని వచ్చే వీడియోలని మాత్రం నమ్మకండి. బ్యాంకాక్‌లోని రాజుల కోట గ్రాండ్ ప్యాలెస్, ఆ ఒక్కదాని టికెట్టే 500 బాత్‌లు (థాయ్ కరెన్సీ). ఆ వీడియోల లెక్కలో అది ఉండదు, ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉండదు. అవి చూసి చేతిలో చిల్లర డబ్బులతో బయల్దేరి, పరాయి దేశంలో టెన్షన్ పడే కుర్రాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది.

రూమ్ విషయంలో అందరూ రేటు చూస్తారు. నేను ముందు స్టేషన్ చూస్తాను. మా ఫ్రెండ్ ఒకడు బ్యాంకాక్ శివార్లలో చవగ్గా దొరికిందని గది తీసుకున్నాడు. రాత్రి తొమ్మిది దాటాక అటువైపు బస్సు లేక, రోజూ క్యాబ్ మీద పెట్టిన డబ్బుతో ఊరి నడిబొడ్డున ఏసీ గదే వచ్చేది. మీరు రాచతేవి చుట్టుపక్కల చూడండి. సువర్ణభూమి ఎయిర్‌పోర్టు నుంచి రైల్ లింక్‌లో 45 బాత్‌లకి ఫయాథాయ్‌లో దిగితే అక్కడి నుంచి నడిచిపోవచ్చు. స్కై ట్రైన్ అక్కడే ఉంది, కాలవ రేవూ పక్కనే ఉంది. ఎయిర్‌పోర్టులో డబ్బు మార్చుకోవాలంటే కూడా పైన కనిపించిన మొదటి కౌంటర్ దగ్గర ఆగొద్దు. రైలు ఎక్కే బేస్‌మెంట్‌కి దిగండి, రేటు తేడా మీకే తెలుస్తుంది.

ఇక అసలు సంగతి ఆ కాలవ. పేరు సేన్ సేప్. 1837లో మూడో రామ రాజు కాలంలో, తూర్పు వైపు యుద్ధానికి సైన్యాన్ని పంపడానికి తవ్వించారు. ఇప్పుడు దాని మీద ఆఫీసులకి, కాలేజీలకి వెళ్ళే జనం తిరుగుతారు. టూరిస్టులు ఎక్కే అలంకరణ పడవలు కావివి. మన ఆర్డినరీ బస్సు లాంటివి. టికెట్ ఇరవై బాత్‌ల చుట్టుపక్కలే.

నేను మొదటిసారి ఎక్కింది గోల్డెన్ మౌంట్ గుడి దగ్గరున్న పాన్‌ఫా రేవులో, సాయంత్రం ఆఫీసులు వదిలే వేళ. వంతెన మీద కార్లు కదలడం లేదు. కింద పడవ వచ్చి రేవుకి అలా తగిలీ తగలకుండా ఆగింది. తాడు ఒక చుట్టు వేసి పట్టుకున్నాడు పడవవాడు, కట్టే పనే లేదు. జనం అంచు మీద కాలు వేసి గబగబా లోపలికి దూకేస్తున్నారు. నేను బ్యాగుతో తటపటాయిస్తుంటే వెనక నుంచి ఒక కాలేజీ అమ్మాయి నా మోచెయ్యి పట్టుకుని ముందుకు నడిపింది. కూర్చున్నానో లేదో ఇంజను గర్జించింది.

టికెట్లు ఇచ్చేవాళ్ళు హెల్మెట్ పెట్టుకుని పడవ బయటి అంచు మీద నడుస్తూ వస్తారు. లోపల ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, రెండో చేత్తో డబ్బు తీసుకుంటారు. వంతెనలు ఎంత కిందికి ఉంటాయంటే, కొన్నిచోట్ల పడవ పైకప్పునే కిందికి దించేస్తారు. ఆ క్షణంలో వాళ్ళు వంగిపోయే తీరు చూస్తే హెల్మెట్ ఎందుకో అర్థమవుతుంది.

నా పక్కన అరవై ఏళ్ళ పెద్దావిడ ఉంది, ఒళ్ళో కూరగాయల సంచి. కాసేపయ్యాక నా చేతిలో ఒక తాడు పెట్టి, లాగు అన్నట్టు సైగ చేసింది. పడవ పక్కల టార్పాలిన్ తెర ఉంటుంది. ఎదురుగా ఇంకో పడవ వచ్చినప్పుడు నీళ్ళు చిమ్మకుండా అంచున కూర్చున్నవాళ్ళే దాన్ని పైకి లాగాలి, రేవు రాగానే జనం ఎక్కడానికి దించాలి. ఆ కాలవ నీళ్ళు నల్లగా ఉంటాయి, వాసన కూడా ఉంటుంది. అందుకే ఆ తాడు పట్టుకోవడం అంటే నలుగురి బట్టలకి బాధ్యత తీసుకోవడమే. ఆవిడ నన్ను టూరిస్టుగా చూడలేదు, సీటులో కూర్చున్నవాడికి ఉండే పని చెప్పింది, అంతే. దించినప్పుడల్లా ఒడ్డున ఇళ్ళ పెరళ్ళు కనిపించేవి. రంగు డబ్బాల్లో పెంచిన మిరప మొక్కలు, ఆరేసిన స్కూలు యూనిఫారాలు, మెట్ల మీద పిల్లులు. ప్రతునామ్‌లో పడవ మారాలి. దిగేటప్పుడు ఆవిడ సంచి నేను పైకి అందించాను. పావుగంటలో తేలిపోయిన ఆ దారి రోడ్డు మీదైతే ఆ టైమ్‌లో గంట పట్టినా ఆశ్చర్యం లేదు.

ఇది చెప్తుంటే నాకు మా బెజవాడ గుర్తొచ్చి కడుపు మండుతుంది. ఊరి మధ్యలోంచి బందరు కాలవ, ఏలూరు కాలవ, రైవస్ కాలవ, మూడు కాలవలు పోతున్నాయి. ఒకప్పుడు వాటి మీద ధాన్యం పడవలూ, జనం ఎక్కే పడవలూ నడిచేవి. కాకినాడ నుంచి బెజవాడ మీదుగా కొమ్మమూరు కాలవ, బకింగ్‌హామ్ కాలవ పట్టుకుని మద్రాసు దాకా నీళ్ళ మీదే వెళ్ళే దారి ఉండేది. మా తాతయ్య ఏలూరుకి పడవలో పెళ్ళికి వెళ్ళిన కథ మా ఇంట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. 2008లో ఈ దారినే జాతీయ జలమార్గంగా ప్రకటించారు. ఇప్పుడు వంతెన మీద నిలబడి చూస్తే కనిపించేది ప్లాస్టిక్ కవర్లు, గుర్రపు డెక్క. వేసవిలో కాలవలు కట్టేస్తారు కదా అంటారు. కట్టనివ్వండి, మిగతా నెలలైనా నడపొచ్చు కదా. సేన్ సేప్ నీళ్ళు మన కాలవ నీళ్ళకంటే ఏమంత శుభ్రంగా లేవు. అయినా 1990 నుంచి అక్కడ పడవలు నడుస్తూనే ఉన్నాయి.

సరే, తిండి దగ్గరికి వద్దాం. బ్యాంకాక్‌లో శాకాహారులు పసుపు రంగు మీద ఎర్ర అక్షరాలున్న చిన్న జెండా కోసం చూడండి. అది కట్టిన చోట మాంసం, చేప సాస్, ఉల్లి, వెల్లుల్లి కూడా వాడరు. మామూలు షాపులో కూరగాయల వేపుడు చెప్పినా చేప సాస్ పడుతుంది. మాంసం తినేవాళ్ళకి ఏ సమస్యా లేదు, ఫుట్‌పాత్ మీదే రాజభోజనం. అంత దూరం వెళ్ళి మూడు పూటలా ఆవకాయ ప్యాకెట్లు విప్పుకునే టూర్ బృందాలంటే మాత్రం నాకు సరిపడదు. ఇంకోటి, గ్రాండ్ ప్యాలెస్ దగ్గర ఎవరైనా వచ్చి "ఇవాళ మూసేశారు, వేరే గుడి చూపిస్తా" అంటే ఆగకుండా గేటు దాకా వెళ్ళిపోండి.

బ్యాంకాక్ నుంచి కౌలాలంపూర్‌కి విమానం చవగ్గా దొరకొచ్చు, కానీ నేను రైలే చెప్తాను. సాయంత్రం క్రుంగ్ థేప్ అపివత్ స్టేషన్‌లో స్లీపర్ ఎక్కితే మర్నాడు సరిహద్దులోని పడాంగ్ బెసార్‌లో దిగి, కౌలాలంపూర్ రైలు మారతారు. రెండు దేశాల ఇమ్మిగ్రేషనూ ఆ ఒక్క స్టేషన్‌లోనే. అక్కడిదాకా టికెట్ వెయ్యి బాత్‌ల దగ్గర, పైగా ఒక రాత్రి గది అద్దె మిగులుతుంది. కౌలాలంపూర్‌లో అర్ధరాత్రి ఆకలేసినా మామక్ షాపుల్లో (తమిళ ముస్లింల హోటళ్ళు) రోటీ చనాయ్ అనే పరోటా, పప్పు, టీ దొరుకుతాయి. బటు కేవ్స్‌కి కేఎల్ సెంట్రల్ నుంచి లోకల్ రైలు ఉంది, 272 మెట్లెక్కి మురుగన్ గుడి చూడటానికి టికెట్ లేదు.

సింగపూర్‌లో గది ఖరీదని చాలామంది సరిహద్దు ఇవతల, మలేసియా ఊరు జొహోర్ బారులో ఉండి రోజూ వెళ్ళొస్తారు. ఆ పని చెయ్యకండి, రోజులో సగం ఇమ్మిగ్రేషన్ క్యూలోనే పోతుంది. సింగపూర్‌లోనే డార్మ్ తీసుకుని, హాకర్ సెంటర్లలో (చవక తిండి దుకాణాలన్నీ ఒక్కచోట ఉండేవి) తిని, కుళాయి నీళ్ళు తాగి (నిక్షేపంగా తాగొచ్చు) రెండు రోజుల్లో బయటపడండి. ఇంకోటి, మీ ప్రయాణం ఉత్తరం నుంచి దక్షిణానికి, అంటే బ్యాంకాక్ నుంచి సింగపూర్ వైపు పెట్టుకోండి. ఎందుకంటారా? జొహోర్ బారు నుంచి సింగపూర్‌లోని ఉడ్‌ల్యాండ్స్‌కి ఐదు నిమిషాల రైలుంది. నేను వెళ్ళినప్పుడు అటు పోవడానికి టికెట్ 5 మలేసియా రింగిట్‌లు. అదే రైలు ఉడ్‌ల్యాండ్స్‌లో ఎక్కి ఇటు రావాలంటే 5 సింగపూర్ డాలర్లు, అంటే మూడు రెట్లకి పైనే.