జిమ్ చేసొచ్చాక రాత్రి తినాలా, మానాలా?

ప్రశ్న: నా వయసు 34. హనుమకొండలో ప్రైవేటు ఉద్యోగం. ఎత్తు 172 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు. రెండు నెలలుగా సాయంత్రం 7 నుంచి 8:15 దాకా జిమ్‌కు వెళ్తున్నాను. వర్కౌట్ అయ్యాక తింటే కరిగిన కొవ్వు మళ్లీ పేరుకుంటుందని అక్కడి ఫ్రెండ్స్ అన్నారు. అందుకే గ్లాసు మజ్జిగ తాగి పడుకుంటున్నాను. పదకొండున్నరకు ఆకలికి మెలకువ వస్తుంది. అప్పుడు రెండు మూడు సకినాలు తింటాను. బరువు కిలో కూడా తగ్గలేదు. అమ్మ రోజూ అన్నం తినమని గొడవ. నాన్నకు షుగర్ ఉంది. ఏం చేయాలి?

జవాబు: తినండి. ఈ గొడవలో అమ్మగారే గెలిచారు, కాకపోతే కంచం కొంచెం మార్చాలి.

మీ ఫ్రెండ్స్ మాటలో కొంత నిజం లేకపోలేదు. తిన్నాక ఇన్సులిన్ పెరుగుతుంది. ఆ రెండు మూడు గంటలు ఒళ్లు కొవ్వు జోలికి పెద్దగా పోకుండా, తిన్నదాన్నే వాడుకుంటుంది. తర్వాత నిద్రలో, మర్నాడు పొద్దున మళ్లీ కొవ్వు కరుగుతుంది. రోజు మొత్తం మీద ఖర్చయినదానికంటే తక్కువ తింటే కొవ్వు తగ్గుతుంది, ఎక్కువ తింటే పెరుగుతుంది. ఎనిమిదింటికి తిన్నారా, తొమ్మిదింటికి తిన్నారా అన్నది దానికి పెద్దగా పట్టదు.

ఇక ఆ సకినాల డబ్బా సంగతి. రెండు మూడు అని రాశారు. అర్ధరాత్రి వంటింట్లో నిలబడి తినేటప్పుడు లెక్క ఎవరికీ సరిగా ఉండదు, నాకూ ఉండదు. నూనెలో వేగిన పిండివంట 100 గ్రాములు తింటే దాదాపు 500 కేలరీలు. మీ బరువున్న మనిషి గంటంపావు కష్టపడితే ఖర్చయ్యేది సుమారు 400. జిమ్‌లో పోగొట్టింది డబ్బా దగ్గర తిరిగొస్తోంది. తొమ్మిదింటికి కడుపు నిండితే పదకొండున్నరకు మెలకువే రాదు.

ఇంకో నష్టం కూడా ఉంది. బరువులెత్తాక కండ మరమ్మతుకు ప్రొటీన్ కావాలి. అది చాలకుండా పస్తులుంటే కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది. మీకు రోజుకు 90 నుంచి 100 గ్రాముల దాకా ప్రొటీన్ అందాలి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లకు ఈ లెక్క వర్తించదు. అరగంటలోపే పౌడర్ తాగకపోతే వర్కౌట్ వృథా అన్నది కూడా నమ్మకండి. గంటా రెండు గంటల్లో మామూలు భోజనం చేసినా సరిపోతుంది.

ఇంటికొచ్చి స్నానం చేసి తొమ్మిదిలోపు కూర్చోండి. మన ఇళ్లలో ముందు అన్నం కుప్ప పోసి, మధ్యలో గుంట చేసి పప్పు పోస్తారు. మీరు కూరతో మొదలుపెట్టండి. రెండు కోడిగుడ్లు, మరో రెండింటి తెల్లసొన కలిపితే 19 గ్రాముల ప్రొటీన్. వండిన చికెన్ 100 గ్రాములైతే 25కు పైనే, అయితే మసాలాలో నూనె తేలకూడదు. మాంసం తినని రోజు మీల్‌మేకర్ మంచిది. పొడిగా తూచిన 50 గ్రాముల్లో సుమారు 26 గ్రాములుంటుంది, ధరా తక్కువే. పక్కన తోటకూర పప్పో, పాలకూర పప్పో. తర్వాత ఒక జొన్నరొట్టె, లేదా కప్పు అన్నం. చివర్లో గిన్నెడు పెరుగు. అన్నం పూర్తిగా మానేయాల్సిన పనిలేదు, మానేస్తే వారంలో మళ్లీ డబ్బా దగ్గరికే వెళ్తారు.

తిన్నాక పడుకోవడానికి రెండు గంటలు ఆగితే పుల్లటి తేన్పులు, గుండె మంట తగ్గుతాయి.

చాలామంది ఆఫీసు నుంచి నేరుగా ఖాళీ కడుపుతో జిమ్‌కు వెళ్లి, వస్తూ దారిలో మిర్చి బజ్జీల బండి దగ్గర ఆగుతారు. మీరు రాయలేదు కానీ అడుగుతున్నాను, మీరూ ఆగుతున్నారా? ఆరింటికే ఒక అరటిపండు, గుప్పెడు ఉడకబెట్టిన పల్లీలు తినండి. జిమ్ లేని రోజు భద్రకాళి బండ్ మీద 40 నిమిషాలు వేగంగా నడిస్తే చాలు.

రోజూ బరువు చూసుకుని టెన్షన్ పడకండి. ఉప్పు, నీళ్లతోనే కిలో అటూ ఇటూ అవుతుంది. వారానికోసారి పొద్దున్నే చూసుకోండి. నడుముకు టేపు కూడా పెట్టండి. మన మగవాళ్లకు 90 సెంటీమీటర్లు దాటకూడదు. వారానికి అర కిలో తగ్గితే బాగానే తగ్గుతున్నట్టు.

నాన్నగారికి షుగర్ ఉందన్నారు కాబట్టి పరగడుపు షుగర్, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష), కొలెస్ట్రాల్, థైరాయిడ్ ఒకసారి చేయించుకోండి. నాన్నగారు మాత్రలో, ఇన్సులినో వాడుతుంటే మిమ్మల్ని చూసి ఆయన మాత్రం రాత్రి భోజనం మానకూడదు, షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. మీకు వర్కౌట్‌లో ఛాతీ బరువెక్కినా, కళ్లు తిరిగినా ఆ రోజుకు ఆపేసి దగ్గర్లోని డాక్టర్‌కు చూపించుకోండి.