మంచు కొండకు బయలుదేరుతున్న మేనల్లుడికి

అమలాపురం

చిరంజీవి కిరణ్‌కు మామయ్య ఆశీస్సులు.

జనవరిలో నలుగురు స్నేహితులు కలిసి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ శిఖరం ఎక్కబోతున్నారని అక్క చెప్పింది. నిన్ను ఆపమంటోంది. సంక్రాంతికి ఇంట్లో ఉండవన్నదే ఆవిడ అసలు కోపం. సైన్యంలో ఉండగా మంచులో కొలువు చేసినవాణ్ని, ఏ ముఖం పెట్టుకుని ఆపను? వెళ్లిరండి. కానీ ఏ వేళకు వెనక్కి తిరగాలో ఇక్కడే, టీ కొట్టు దగ్గరే, నలుగురూ ఒప్పుకోండి. పైన శిఖరం కళ్లెదుట ఊరిస్తుంటే ‘ఇక చాలు’ అనే మాట ఎవరి నోటా రాదు.

తెల్లవారుజామున రెండు మూడింటికే లేపి నడిపిస్తారు. సూర్యోదయం ఫొటోల కోసమే అనుకునేవు! రాత్రి చలికి మంచు గట్టిపడి అడుగు నిలుస్తుంది. ఎండెక్కితే మెత్తబడి కాలు మోకాలి దాకా దిగబడుతుంది. ఇక ఆ నడక దమ్ము చేసిన చేలో నడకే. ఒక కాలు పీక్కునేలోగా రెండోది కూరుకుంటుంది. అడుగు పడని కొత్త మంచులో శ్రమంతా ముందువాడిదే. కాసేపటికొకసారి అతను పక్కకు తప్పుకుని వరుస చివరికి రావాలి. బలమున్నవాడు పంతానికి పోయి తప్పుకోనంటాడు, వినకండి. వేగం మాత్రం అందరిలో మెల్లగా నడిచేవాడిదే.

నూలు బనియన్ లేనిదే మనకు బట్ట కట్టినట్టుండదు. అక్కడ అదే శత్రువు. చెమటకు తడిస్తే ఆరదు, నువ్వు ఆగగానే ఒంట్లోని వేడంతా లాగేస్తుంది. ఒంటికి ఆనుకుని ఉన్ని గాని పాలియెస్టర్ గాని, దాని మీద వెచ్చని నూగు బట్ట ఫ్లీసు, ఆపైన గాలీ తడీ చొరని కోటు. బయలుదేరేటప్పుడు కాస్త చలి వేస్తూనే ఉండాలి, పావుగంట నడిస్తే సర్దుకుంటుంది. పడుకోబోయే ముందు పొడి మేజోళ్లు మార్చుకో. ఫోను కూడా నిద్రసంచిలోనే పెట్టుకో, చలికి బ్యాటరీ నీరసిస్తుంది. నల్ల కళ్లద్దాలు షోకు కాదు, మంచు మీది ఎండ కళ్లను మాడుస్తుంది.

మనది సముద్రమట్టానికి ఆనుకున్న ఊరు. ఆ శిఖరం దాదాపు 12,500 అడుగులు. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ప్రాణవాయువు ఇక్కడి దానిలో మూడింట రెండు వంతులైనా ఉండదు. తలనొప్పి, వికారం వస్తే దాచుకోవద్దు, వెంటనే చెప్పాలి. తగ్గకపోతే పైకి అడుగు వేయకూడదు. మాట తడబడినా, నడక తూలినా అప్పటికప్పుడు కిందికి దించాల్సిందే, అర్ధరాత్రయినా సరే. ఎత్తు పడక వచ్చే ఈ జబ్బుకు వాడే డయామాక్స్ మాత్రలు డాక్టరును అడగకుండా మింగవద్దు.

గోదావరి గట్టు మీద రోజూ నడుస్తున్నావట. మంచిదే, కానీ గట్టు చదును. వీపున బరువు సంచితో అన్నవరం మెట్లు ఎక్కి దిగు, కొత్త బూట్లతోనే. మోకాళ్ల సంగతి దిగేటప్పుడు తెలుస్తుంది.

అక్క పూతరేకులు కడతానంటోంది. సంచిలో నుగ్గయిపోతాయి, వద్దను. మామిడి తాండ్ర చిన్న ముక్కలు, నువ్వుల ఉండలు కోటు లోపలి జేబులో వేసుకో. నీళ్ల సీసాను మేజోడులో దూర్చి తలకిందులుగా పెట్టు. నీరు పైనుంచి గడ్డకడుతుంది కనుక మూత దగ్గర తాగడానికి మిగులుతుంది.

బూట్లలోకి మంచు పోకుండా కాళ్లకు చుట్టుకునే గైటర్లు నా దగ్గర ఒక జత ఉన్నాయి. ఆదివారం వచ్చి అటక మీది ట్రంకు పెట్టె నువ్వే దించుకో. మిగతా ముగ్గురినీ కొనుక్కోమను.

మీ మామయ్య