ధర మార్కెట్లో కనిపిస్తూనే ఉంటుంది కదా, దానికి మనిషెందుకు?

ప్రశ్న: మాది గాజువాక. మా అమ్మాయి బీకాం ఆఖరి సంవత్సరం. సీఏ ఇంటర్‌లో మొదటి గ్రూపు పాసయింది, రెండోది రెండుసార్లు పోయింది. ఇప్పుడు సీఏ వదిలేసి ‘ఫెయిర్ వాల్యూ’ పని నేర్చుకుంటానంటోంది. ద్వారకానగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ వాళ్లు లక్షా ఇరవై వేలు కడితే ఆరు నెలల్లో ‘సర్టిఫైడ్ వాల్యూయర్’ని చేసి ఉద్యోగం ఇప్పిస్తామంటున్నారు. అయిదు వేలు అడ్వాన్సు కూడా కట్టేశాం. షేర్ల ధర టీవీలోనే కనిపిస్తుంది కదండీ, దాన్ని చూసి చెప్పడానికి జీతమిచ్చి మనిషిని పెట్టుకుంటారా? ఇది నిజంగా ఉద్యోగమేనా? మాకు చాలా టెన్షన్‌గా ఉంది. – ఒక తల్లి

జవాబు: అమ్మా, నమస్కారం. కంపెనీల దగ్గరున్న ఆస్తులు ఇవాళ అమ్మితే ఎంత వస్తుందో విలువ కట్టడమే ఫెయిర్ వాల్యూ పని, ఆ విలువ కట్టేవాళ్లే వాల్యూయర్లు. అది ఉద్యోగమే, మంచి ఉద్యోగం కూడా. కానీ ఆ కోచింగ్ సెంటర్ చూపిస్తున్న దారిలో అది దొరకదు. ముందు మీ ప్రశ్నకే జవాబు చెబుతాను, ఎందుకంటే మీరు అడగాల్సిన చోటే అడిగారు.

టీవీలో ధర కనిపించే వాటికి మనిషి అవసరం నిజంగానే తక్కువ. కంపెనీ దగ్గర లిస్టయిన షేర్లు ఉంటే, ఆ రోజు ఎక్స్ఛేంజ్ ముగింపు ధరని షేర్ల సంఖ్యతో హెచ్చవేస్తే సరిపోతుంది. కానీ కంపెనీల దగ్గర అవి మాత్రమే ఉండవు. నెలల తరబడి చేతులు మారని బాండ్లుంటాయి, లిస్టు కాని కంపెనీలో వాటాలుంటాయి, ఎవరికో ఇచ్చిన అప్పులుంటాయి. వాటి ధర ఏ టీవీలోనూ రాదు. అయినా మార్చి 31 నాటికి వాటికి ఒక అంకె వేయాల్సిందే. దేన్ని చూసి ఆ అంకె వేశారు, ఆడిటర్ అడిగితే ఏ కాగితం చూపిస్తారు? మీ అమ్మాయి చేయాలనుకుంటున్న పని ఇక్కడే మొదలవుతుంది.

తెల్లవారకముందే మన ఫిషింగ్ హార్బర్‌కి ఎప్పుడైనా వెళ్లారా? చేప ఈ షేర్లు, బాండ్లు, అప్పుల్లాంటి ఆర్థిక ఆస్తి కాదు గానీ, విషయం అర్థం కావడానికి అంతకంటే మంచి చోటు నాకు తెలీదు. మీ బుట్టలో రెండు కిలోల వంజరం ఉంది. పక్కనే అలాంటి వంజరమే ఇప్పుడే పాటలో పోయింది. దాని ధరే మీ చేప ధర, వాదన లేదు. ఇది లెవెల్ 1. అంత సైజుది ఇవాళ పాటకి రాలేదు, చిన్నది వచ్చింది. దాని ధర పట్టుకుని మీ చేపకి సరిచేసుకుంటారు. ఇది లెవెల్ 2. ఎప్పుడూ పాటకి రాని చేప వలలో పడిందనుకోండి, అప్పుడు తినేవాళ్లెవరు, ఎంత పెడతారు అని మీరే అంచనా కట్టాలి. ఇది లెవెల్ 3. కంపెనీలు తమ ఆర్థిక ఆస్తులను ఈ మూడు మెట్లలో ఏది ఎక్కడుందో విడగొట్టి వార్షిక నివేదికలో చూపించాలి. మూడో మెట్టులో ఉన్నవాటికైతే ఏడాది మొదట్లో ఎంత, ఏం కొన్నారు, ఏం అమ్మారు, విలువ మారి ఎంత లాభనష్టం వచ్చింది, చివరికి ఎంత మిగిలింది అని ఒక పట్టిక కూడా ఇవ్వాలి. నివేదికలు చదవడం తెలిసినవాళ్లు ముందు ఆ పట్టికే తెరుస్తారు.

ఈ నియమాలున్న ప్రమాణం పేరు ఇండ్ ఏఎస్ 113, ఇండ్ ఏఎస్ అంటే ఇండియన్ అకౌంటింగ్ స్టాండర్డ్. అంతర్జాతీయంగా 2011లో వచ్చిన ఐఎఫ్ఆర్ఎస్ 13కి ఇది మన దేశపు రూపం. పెద్ద కంపెనీలకి 2016 ఏప్రిల్ 1 నుంచి, మిగతా లిస్టెడ్ కంపెనీలకి ఆ మరుసటి ఏడాది నుంచి తప్పనిసరైంది. దాని ప్రకారం ఫెయిర్ వాల్యూ అంటే మనం కొన్న ధర కాదు, ఆ రోజున అమ్మితే వచ్చే ధర. అది కూడా తొందర, బలవంతం లేని మామూలు అమ్మకంలో వచ్చే ధర. ఈ చివరి మాట విశాఖవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ వెళ్లాక పాల ప్యాకెట్‌కి అడిగినంతా ఇచ్చాం. నిజంగా చెల్లించిన డబ్బే అది, కానీ పాల ప్యాకెట్ విలువ అది కాదు. మార్కెట్ భయంతో కుప్పకూలిన రోజున కనిపించే ధర హుద్‌హుద్ నాటి ధరా, మామూలు ధరా అని తేల్చాల్సి వస్తుంది. ఆ తేల్చడంలో కంప్యూటర్ కంటే మనిషే ఎక్కువ కష్టపడతాడు.

ఇక్కడ ఇంకో మెలిక ఉంది. అన్ని ఆస్తులనూ ఫెయిర్ వాల్యూలోనే చూపించరు. అసలూ వడ్డీ మాత్రమే వచ్చే బాండుని చివరిదాకా ఉంచుకునే ఉద్దేశంతో కొంటే, దాన్ని అమోర్టైజ్డ్ కాస్ట్‌లో, అంటే మార్కెట్ ధరతో మార్చకుండా కొన్న ధర నుంచి వచ్చే లెక్కలోనే నడుపుతారు. ఆ వడ్డీ, అసలు కోసం ఉంచుకుంటూనే అవసరమైతే అమ్మే పద్ధతి కూడా ఉంటే, విలువలో వచ్చిన మార్పు లాభంలో కలవకుండా ఓసీఐ (అదర్ కాంప్రిహెన్సివ్ ఇన్‌కమ్) అనే వేరే ఖాతాకి వెళ్తుంది. మిగతావాటిలో చాలావరకు మార్పు నేరుగా లాభనష్టాల్లోకే వస్తుంది. దీన్ని ఇండ్ ఏఎస్ 109 చెబుతుంది. ఒకే బాండు కొన్న రెండు కంపెనీల లాభాలు వేరువేరుగా కనిపించడానికి కారణం ఇదే. ఇండ్ ఏఎస్ పరిధిలో లేని బ్యాంకులకి కూడా రిజర్వ్ బ్యాంక్ 2024 ఏప్రిల్ 1 నుంచి పెట్టుబడుల లెక్కలో ఇలాంటి వర్గీకరణనే తెచ్చింది, మూడు లెవెల్స్‌తో సహా. అందుకే ఈ పని తెలిసినవాళ్లు ఇప్పుడు బ్యాంకుల ట్రెజరీల్లోనూ, అంటే పెట్టుబడులు చూసే విభాగాల్లోనూ కావాలి.

ఈ సలహాల పనిలోకి రాకముందు నేను ఆడిట్‌లో పనిచేశాను. ఒక కంపెనీకి, పేరు వద్దు, లిస్టు కాని మరో కంపెనీలో వాటా ఉంది. వాల్యూయర్ రిపోర్టు, దాని వెనక ఎక్సెల్ షీటు మా టేబుల్ మీదకొచ్చాయి. లెక్కంతా తిరగేసి చూశాం, ఎక్కడా తప్పు లేదు. మా టీమ్‌లో కొత్తగా చేరిన ఆర్టికల్ (సీఏ శిక్షణలో ఉన్న) అమ్మాయి పసుపు రంగు వేసిన ఒక గడి మీద వేలు పెట్టి అడిగింది: “సార్, ఈ 6 ఎక్కడిది?” ఆ కంపెనీ ఇకపై ఎప్పటికీ ఏటా 6 శాతం పెరుగుతుందని అందులో ఉంది. గదిలో ఎవరి దగ్గరా జవాబు లేదు. వచ్చే ఏడాది కోటి రూపాయల నగదు, 13 శాతం డిస్కౌంట్ రేటు (రాబోయే డబ్బుని ఇవాళ్టి విలువకి తగ్గించే రేటు) అనుకుంటే, 6 శాతం పెరుగుదలతో విలువ సుమారు 14 కోట్ల 29 లక్షలు. అదే 4 శాతం పెడితే 11 కోట్ల 11 లక్షలు. ఒక గడిలో ఒక అంకె మారితే మూడు కోట్లకి పైగా తేడా. కంపెనీ వాళ్లకి కోపం వచ్చింది, “రిపోర్టు మీద సంతకం ఉంది కదా” అన్నారు. ఆ అమ్మాయి గొంతు పెంచకుండా మళ్లీ అదే అడిగింది. పాత అయిదేళ్ల అమ్మకాల లెక్కలు తెప్పించాక రెండో రోజు సాయంత్రానికి ఆ 6 కాస్తా 4 అయింది.

అమ్మా, మీ పిల్లకి ఈ పని పడుతుందా లేదా అని చూడాల్సింది ఆ గడి దగ్గరే. లెక్కలు బాగా వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎదురుగా పెద్దవాళ్లు విసుక్కుంటున్నా “ఇది ఎక్కడిది?” అని అడిగి, జవాబు వచ్చేదాకా కూర్చోగలిగేవాళ్లు తక్కువ. కంపెనీలు జీతమిచ్చేది రెండో రకం వాళ్లకి.

కాబట్టి డబ్బు ఖర్చు లేకుండా ముందు ఒక పరీక్ష పెట్టండి. మన పాండురంగాపురంలోనే రిజిస్టర్డ్ ఆఫీసు ఉన్న అవంతి ఫీడ్స్ వార్షిక నివేదిక కంపెనీ సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అందులో ఫెయిర్ వాల్యూ గురించిన నోట్ వెతికి, ఏవి ఏ లెవెల్‌లో ఉన్నాయో, ఎందుకో మీకు తెలుగులో చెప్పమనండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే సగం పాసైనట్టే. తర్వాత ఎక్సెల్‌లో చిన్న లెక్క: 100 రూపాయల బాండు, ఏటా 8 వడ్డీ, మూడేళ్ల గడువు. మార్కెట్ వడ్డీ 9 శాతం అయితే ధర 97.47 రావాలి, 11 శాతం అయితే 92.67. పది కోట్ల బాండ్లున్న కంపెనీకి ఆ తేడా 48 లక్షలు. ఆ 9 సరైనదా, 11 సరైనదా అని ఎలా తేలుస్తావని అడగండి. “ఇదే రేటింగ్, ఇంతే గడువున్న వేరే బాండ్లు ఎంత వడ్డీకి అమ్ముడవుతున్నాయో చూస్తాను” అంటే, అమ్మాయి వదిలేద్దామనుకుంటున్న చదువే ఆమెకి పనికొస్తోందన్నమాట.

ఇక ఆ సర్టిఫికెట్ సంగతి. మన దేశంలో కంపెనీల చట్టం కింద ‘రిజిస్టర్డ్ వాల్యూయర్’ అనిపించుకోవడానికి ఆరు నెలల కోర్సు చాలదు. సెక్యూరిటీలు, ఆర్థిక ఆస్తుల విభాగంలో నమోదు కావాలంటే సీఏ, సీఎంఏ, సీఎస్ సభ్యత్వమో, ఫైనాన్స్‌లో ఎంబీఏ లాంటి పీజీయో ఉండాలి. దాని తర్వాత మూడేళ్ల అనుభవం ఉండాలి. గుర్తింపు పొందిన వాల్యూయర్ల సంస్థలో 50 గంటల శిక్షణ పూర్తిచేసి, వాల్యూయర్లను నమోదు చేసే ప్రభుత్వ సంస్థ ఐబీబీఐ పెట్టే పరీక్ష పాసవ్వాలి. బీకాం పిల్లని ఆరు నెలల్లో వాల్యూయర్‌ని చేస్తామనడం అబద్ధం. ఈ మాట ఇంతకంటే మెత్తగా చెప్పలేను.

నా సలహా ఏమిటంటే, రెండో గ్రూపు మళ్లీ రాయించండి. రెండుసార్లు పోవడం సీఏలో మామూలు విషయం, ఇంట్లో దాన్ని తప్పులా మాట్లాడకండి. ఇప్పటి పద్ధతిలో రెండు గ్రూపులూ అయితేనే ఆర్టికల్‌షిప్ మొదలవుతుంది, అది రెండేళ్లే. చేరేటప్పుడు స్టైపెండ్ గురించి తర్వాత అడగొచ్చు, ముందు “మీ క్లయింట్లలో ఇండ్ ఏఎస్ కంపెనీలు ఎన్ని?” అని అడగమనండి. లిస్టెడ్ కంపెనీల ఆడిట్ చేసే సంస్థలు విశాఖలోనూ ఉన్నాయి, కాబట్టి ఆ రెండేళ్లు పిల్ల ఇంట్లోంచే వెళ్లొచ్చు. ఆ తర్వాత మాత్రం వాల్యుయేషన్ ఉద్యోగాలు ఎక్కువగా హైదరాబాద్, బెంగళూరు, ముంబైలలోనే ఉంటాయి, ఆ మాట ఇప్పటినుంచే ఇంట్లో మాట్లాడుకోండి. మూడోసారి కూడా గ్రూపు రాకపోతే ఐసెట్ రాసి ఫైనాన్స్‌లో ఎంబీఏ చేయొచ్చు. ఆ దారీ చివరికి ఇదే పనికి చేరుతుంది, కాస్త చుట్టు తిరిగి.

అడ్వాన్సు విషయంలో ఆలస్యం చేయకండి. రసీదు తీసుకుని ఈ వారంలోనే అమ్మాయిని వెంటబెట్టుకుని వెళ్లండి. ఆరు నెలల్లో ఇచ్చే సర్టిఫికెట్ ఐబీబీఐ నమోదుకి పనికొస్తుందా, రాతపూర్వకంగా ఇస్తారా అని అడగండి. ఆ ప్రశ్న మీరు కాకుండా అమ్మాయినే అడగనివ్వండి. కాగితం ఇవ్వకపోతే అయిదు వేలు వెనక్కి ఇమ్మని అక్కడే ఒక ఉత్తరం రాసిచ్చి, దాని నకలు మీద వాళ్ల సంతకం తీసుకోండి.