సందేహాలు – సమాధానాలు: ‘మెక్సికోలో తయారైన కారు’, ‘మెక్సికో కారు’ ఒకటేనా?

సందేహం: నాలుగైదు దేశాల విడిభాగాలతో మెక్సికోలో బిగించిన కారును ‘మెక్సికోలో తయారైన కారు’ అనాలా, ‘మెక్సికో కారు’ అనాలా? ‘ప్రాంతీయ ఆర్థిక విలీనం’ అనడం సరైనదేనా?

సమాధానం: ‘మెక్సికోలో’ అంటే చోటు తెలుస్తుంది. (సంప్రదాయ వ్యాకరణం ‘లోన్’ను షష్ఠీ ప్రత్యయాల్లో చేర్చింది. అయినా ఇక్కడ అది చెప్పేది చోటునే.) ‘మెక్సికో కారు’ అంటే సంబంధం మాత్రమే తెలుస్తుంది. బిగించిన చోటా, కంపెనీ సొంత దేశమా, సుంకాల లెక్కలో దాని మూలమా (అంటే దాన్ని ఎక్కడి సరుకుగా లెక్కిస్తారన్నదా) అన్నది తేలదు. వాణిజ్య వార్తల్లో చిక్కంతా ఈ మూడోదానితోనే.

వాణిజ్య ఒప్పందం ఉన్న దేశాలు ఒకదాని సరుకుకు మరొకటి ఇచ్చే రాయితీ సుంకానికి మూలం తేల్చేది బోల్టు బిగించిన చోటు కాదు, ఆ ఒప్పందంలోని లెక్క. అమెరికా, కెనడా, మెక్సికోల మధ్య 1994లో అమల్లోకి వచ్చిన నాఫ్టా అనే వాణిజ్య ఒప్పందం ప్రకారం, చివరి దశలో, కారు విలువలో 62.5 శాతం ఈ మూడు దేశాలది కావాల్సి ఉండేది. 2020 జులై 1న దాని స్థానంలో వచ్చిన ఒప్పందం దీన్ని దశలవారీగా 75 శాతానికి పెంచింది. ఈ లెక్కకు తీసుకునే విలువ, అంటే నికర వ్యయం, 20,000 డాలర్లయిన కారులో బయటి దేశాల భాగాలు 6,000 డాలర్లవి అనుకోండి. మిగిలింది 14,000, అంటే 70 శాతం. పాత లెక్కలో గట్టెక్కిన కారు కొత్త లెక్కలో నిలవదు. ఉక్కు, అల్యూమినియం, కూలి రేటు షరతులు వేరే ఉన్నాయి. ఫ్యాక్టరీ అదే, కారూ అదే. అయినా ‘ఉత్తర అమెరికా మూలం గల కారు’ అని రాస్తే తప్పవుతుంది. మీకు తెలిసింది బిగింపు సంగతే అయితే ‘మెక్సికోలో బిగించిన కారు’ అని రాయండి. ‘తయారైన’ అంటే ఇంజిన్ కూడా అక్కడిదేనని పాఠకుడు అనుకుంటాడు.

ఇక ‘విలీనం’. కలిసినది విడిగా మిగలనప్పుడు వాడే మాట అది, బ్యాంకుల విలీనంలాగా. ఇక్కడ దేశాలు దేశాలుగానే ఉంటాయి కాబట్టి ‘ఏకీకరణ’ నయం. అందులోనూ మెట్లున్నాయి. స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతంలో బయటి సరుకుపై ఎవరి సుంకం వారిదే. తక్కువ సుంకమున్న సభ్య దేశం గుండా ఆ సరుకు దొడ్డిదారిన రాకుండా మూలం నిబంధనలు పెడతారు. సుంకాల కూటమిలో బయటి సుంకం అందరికీ ఒక్కటే. ఒకచోట సుంకం కట్టి లోపలికొచ్చిన సరుకును లోపలి సరిహద్దుల్లో ‘నీ మూలమేమిటి’ అని అడిగే పనిలేదు. ఐరోపా ఆర్థిక సమాజంలోని ఆరు దేశాలు 1968 జులై 1న ఈ మెట్టెక్కాయి. మనుషులు, పెట్టుబడి కూడా స్వేచ్ఛగా కదిలే ‘ఉమ్మడి మార్కెట్’ దీనికీ పైమెట్టు. 2022 జనవరి 1న అమల్లోకి వచ్చిన ఆర్‌సెప్ (ఆసియా–పసిఫిక్ దేశాల వాణిజ్య ఒప్పందం) మొదటి మెట్టుదే, అంటే స్వేచ్ఛా వాణిజ్య ప్రాంతమే. దాన్ని పత్రికల్లో ‘ఉమ్మడి మార్కెట్’ అని రాయడం పొరపాటు.