ఫారం నింపాక మన వివరాలు ఎవరి చేతికి వెళతాయి?

ప్రశ్న: కొంతకాలంగా నిద్ర సరిగా పట్టక, ఒక వెల్‌నెస్ కేంద్రం వెబ్‌సైటులో ‘మీకు ఏ కార్యక్రమం సరిపోతుంది’ అనే ప్రశ్నావళి మొదలుపెట్టాను. వయసు, బరువు, నెలసరి, ఆందోళన, వాడే మందులు అన్నీ వరసగా అడిగారు. చివర్లో ఫోన్ నంబరు అడగగానే సబ్మిట్ నొక్కకుండా మూసేశాను. మర్నాటి నుంచి ఫోనులో ఎక్కడ చూసినా నిద్రకు, ఆందోళనకు సంబంధించిన ప్రకటనలే. నేను పంపకుండానే వివరాలు ఎలా వెళ్లాయి? డాక్టరుకు చెప్పుకున్న విషయాల్లాగే వీటినీ గోప్యంగా ఉంచవలసిన బాధ్యత వాళ్లకు లేదా?
— పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: అవే రోజుల్లో మీరు గూగుల్‌లో వెతికిన మాటల వల్ల కూడా ఆ ప్రకటనలు వచ్చి ఉండవచ్చు కాబట్టి, నింద అంతా ఆ వెబ్‌సైటు మీదే వేయలేం. అయితే సబ్మిట్ నొక్కలేదు గనుక ఏమీ వెళ్లలేదనుకోవడం మాత్రం సరికాదు. చాలా వ్యాపార వెబ్‌సైట్లు ప్రకటనల సంస్థలు ఇచ్చిన చిన్న కోడ్‌ను తమ పేజీల్లో పెట్టుకుంటాయి. దాన్ని పిక్సెల్ అంటారు, అది కంటికి కనిపించదు. పేజీ తెరుచుకోగానే మీ బ్రౌజరు ఆ సంస్థ సర్వరుకు పేజీ చిరునామాను, మీ ఐపీ చిరునామాను (ఇంటర్నెట్‌లో మీ కనెక్షనుకు ఉండే సంఖ్య), చాలాసార్లు కుకీలో, అంటే బ్రౌజరులో దాచిన చిన్న ఫైలులో ఉన్న గుర్తింపు సంఖ్యను కూడా పంపుతుంది. ప్రశ్నావళిలో ఒక్కో ప్రశ్నకు ఒక్కో పేజీ ఉండి, ఆ పేజీ చిరునామాలోనే ‘నిద్రలేమి’, ‘ఆందోళన’ వంటి మాటలు ఉంటే, మీ జవాబులు చేరకపోయినా మీ సమస్య ఏమిటో ఊహించడం కష్టం కాదు. కొన్ని ఫారాలైతే ఒక్కో గడి నింపగానే అందులో రాసినదాన్ని భద్రపరుస్తాయి. ప్రకటనల సంస్థకు మీ పేరు తెలియకపోవచ్చు. ఈ ఫోను వాడే మనిషికి నిద్ర పట్టడం లేదని తెలిస్తే దాని పనికి అది చాలు.

మీ రెండో ప్రశ్న ఇంకా ముఖ్యమైనది. డాక్టరు దగ్గర ఉండే గోప్యత, ఆరోగ్యం గురించి మాట్లాడే ప్రతి వ్యాపారానికీ దానంతటదే వర్తించదు. అమెరికాలో 1996లో వచ్చిన హిపా చట్టం ఆసుపత్రులను, డాక్టర్లను, ఆరోగ్య బీమా సంస్థలను, వారి తరఫున పనిచేసేవారిని కట్టడి చేస్తుంది గాని, చాలా వెల్‌నెస్ వెబ్‌సైట్లు, యాప్‌లు దాని పరిధిలోకి రావు. ఐరోపా సమాఖ్యలో 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం మాత్రం ఆరోగ్య సమాచారాన్ని ప్రత్యేక వర్గంగా చూస్తుంది. స్పష్టమైన సమ్మతి వంటి గట్టి ఆధారం లేకుండా దాన్ని వాడటాన్ని నిషేధిస్తుంది. ముందే టిక్కు పెట్టి ఉంచిన గడిని సమ్మతిగా లెక్కించడానికి వీల్లేదని ఐరోపా న్యాయస్థానం 2019 అక్టోబరు 1న తీర్పు చెప్పింది. భారతదేశం 2023లో చేసిన డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టంలో ఆరోగ్య సమాచారానికి విడి వర్గం లేదు గాని, సమ్మతి ఇవ్వడం ఎంత సులువో వెనక్కు తీసుకోవడమూ అంత సులువుగా ఉండాలని అది చెబుతోంది. ఆ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది.

గోప్యంగా ఉంచుతామని మాట ఇచ్చి తప్పారన్న అభియోగం మీద డబ్బు చెల్లించవలసి వచ్చిన సందర్భాలు లేకపోలేదు. కౌన్సెలింగ్ కోసం వచ్చినవారి ఈమెయిల్ చిరునామాలను, ఆరోగ్య ప్రశ్నావళికి సంబంధించిన సమాచారాన్ని ప్రకటనల కోసం ఫేస్‌బుక్, స్నాప్‌చాట్ వంటి సంస్థలకు ఇచ్చిందని బెటర్‌హెల్ప్ అనే ఆన్‌లైన్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2023లో అభియోగం మోపింది. ఆ సంస్థ తప్పు ఒప్పుకోకుండానే 78 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది. నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది ఇదే: మనసులోని బాధ చెప్పుకోవడానికి వచ్చిన మనిషిని అక్కడ ప్రకటనలకు సరుకుగా చూశారన్న ఆరోపణ.

అందువల్ల ఇకమీదట ఫారం నింపేముందు ప్రైవసీ పాలసీ తెరిచి, సమాచారం ఎవరెవరితో పంచుకుంటారో చెప్పే భాగం చదవండి. ‘మీ సమాచారాన్ని అమ్మము’ అన్న ఒక్క వాక్యంతో తృప్తి పడకండి. డబ్బు తీసుకోకుండా ప్రకటనల సంస్థలకు అందించడాన్ని చాలా వెబ్‌సైట్లు ‘అమ్మడం’గా లెక్కించవు. ఎంతకాలం ఉంచుతారో, తొలగించమని ఎవరిని అడగాలో రాయని చోట మందుల వివరాలు ఇవ్వకపోవడమే మంచిది.

ప్రశ్న: నా వివరాలు తీసేయమని ఒక వెల్‌నెస్ సంస్థకు రాస్తే, ‘మిమ్మల్ని మెయిలింగ్ జాబితా నుంచి తొలగించాం’ అని జవాబు ఇచ్చారు. అంతటితో సరిపోయినట్టేనా?

జవాబు: సరిపోలేదు. మెయిళ్లు ఆగడం వేరు, వివరాలు చెరిపేయడం వేరు. అపాయింట్‌మెంట్ల సాఫ్ట్‌వేరులో, ప్రకటనల సంస్థకు ఎక్కించిన జాబితాలో మీ వివరాలు అలాగే ఉండవచ్చు. ఈమెయిల్‌ను సంకేతంగా మార్చి ఇచ్చామని కొందరు సమర్థించుకుంటారు గాని, అవతలి సంస్థ దగ్గర అదే సంకేతం ఉంటే మనిషిని పోల్చుకోవడం కష్టమేమీ కాదు. ‘నా వివరాలన్నీ, మీరు ఇతరులకు ఇచ్చినవాటితో సహా తొలగించి, ఆ సంగతి రాతపూర్వకంగా తెలియజేయండి’ అని మళ్లీ రాయండి. జీడీపీఆర్ వర్తించే చోట సాధారణంగా ఒక నెలలోగా జవాబు ఇవ్వాలి. బిల్లుల వంటి కొన్ని రికార్డులను చట్టం కోసం ఉంచుకోవలసి ఉంటుంది కాబట్టి, వాటిని తీసేయలేమంటే అది సాకు కాకపోవచ్చు.

ప్రశ్న: యోగా, ధ్యానం నేర్పే చిన్న కేంద్రం కోసం వెబ్‌సైటు తయారు చేయిస్తున్నాను. ఫారంలో ఏమేమి అడగాలి?

జవాబు: పేరు, ఫోను లేదా ఈమెయిల్, వీలైన సమయం అడిగితే మొదటి పరిచయానికి చాలు. వెన్నునొప్పి, రక్తపోటు, గర్భం వంటి విషయాలు ఆసనాలు నేర్పేముందు మీకు తప్పక తెలియాలి. అయితే వాటిని వచ్చినప్పుడు ముఖాముఖి అడగండి. వెబ్‌సైటు తయారు చేసేవారు ‘ప్రచారానికి పనికొస్తుంది’ అని పిక్సెల్ పెట్టవచ్చు. కనీసం ఫారం ఉన్న పేజీల నుంచి దాన్ని తీయించండి. ప్రైవసీ పాలసీని వేరే వెబ్‌సైటు నుంచి ఎత్తిరాయకండి, ఎందుకంటే మీరు చేయని పనుల గురించి ఇచ్చిన హామీలు కూడా మీ హామీలే అవుతాయి. ఫారాలు వచ్చే ఈమెయిల్ ఎవరెవరి ఫోన్లలో తెరుచుకుంటుందో ఇప్పుడే రాసి పెట్టుకుని, వారిలో ఎవరైనా ఉద్యోగం మానేసిన రోజే పాస్‌వర్డు మార్చండి.